నెలకి ఒక్కరు

సభకు పెద్దగా కూర్చున్న మా పెద్ద డాక్టరుగారికి, ఇకమీదట ఈ పళ్ల ఆసుపత్రిని నడపబోతున్న వారి అమ్మాయి చిన్న డాక్టరుగారికి, పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబు అన్నయ్యకి, నర్సు చెల్లెళ్లకి, రేపట్నుంచి నా కుర్చీలో కూర్చోబోయే కొత్తమ్మాయికి, రానంటూనే వచ్చి చివరి వరసలో దాక్కున్న మా ఆయనకి, అందరికీ నమస్కారాలు.

ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఆసుపత్రి ముందు గదిలో కూర్చున్నాను. లోపలి గదిలోంచి "నోరు తెరవండి" అనే మాట రోజుకి నలభైసార్లు విన్నాను. నన్ను నోరు తెరవమన్నది మాత్రం ఇవాళే. (నవ్వులు)

ఇందాకటి నుంచి నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు. ల్యాబు అన్నయ్య నా జ్ఞాపకశక్తి గురించి చెప్పాడు. నర్సులు నా ఓర్పు గురించి చెప్పారు. నేను లేకపోతే ఆసుపత్రే లేదని డాక్టరుగారు అన్నారు. అందులో సగం మర్యాద కోసం అన్నది, మిగతా సగంతో నేను తృప్తి పడతాను. ఇంకా రెండేళ్లు ఉండమని ఆయన అడిగితే, కాళ్ల నొప్పులండీ అని చెప్పి తప్పించుకున్నాను. అది అబద్ధం. కాళ్లు బాగానే ఉన్నాయి. నేను అలసిపోయిన సంగతి వేరే ఉంది. అది చెప్పి వెళ్తాను. డాక్టరుగారు దయచేసి గడియారం చూసుకోవద్దు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు మనకి ఒక్క గది, ఒక్క కుర్చీ. ఈ వీధి మలుపులో ఒక పెద్ద దర్జీ దుకాణం ఉండేది. అక్కడ ముందు గదిలో ఆడవాళ్ల కొలతలు తీసుకుంటూ, ఖాళీ దొరికితే చొక్కాలకి బొత్తాలు కుడుతూ ఒకావిడ పనిచేసేది. మేమంతా బొత్తాలావిడ అనేవాళ్లం. నవ్వితే చూడముచ్చటగా ఉండేది. అది తెలిసే దుకాణం యజమాని ఆవిణ్ణి ముందు గదిలో పెట్టుకున్నాడు. దారం పంటితో కొరికి కొరికి పైవరసలో ముందు పన్ను చిట్లి, లోపల పుచ్చు పట్టింది. డాక్టరుగారు చూసి, పన్ను నిలబెట్టొచ్చు, లోపల శుభ్రం చేసి క్యాపు వేస్తే చాలన్నారు. దానికి ఆవిడ నెల జీతం అవుతుంది. పీకెయ్యడానికైతే రెండు రోజుల కూలి.

ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి, వెనక కూర్చున్నవాళ్లకి వినపడకుండా అడిగింది.

"పీకితే ఎంతవుతుందమ్మా?"

"ముందు పన్నెవరైనా పీకించుకుంటారా? డాక్టరుగారు బాగుచేస్తానన్నారుగా."

"అన్నారు. డబ్బులుండాలి కదా."

"కూడబెట్టుకో. వారం వారం కాస్త పక్కన పెట్టు, మూణ్ణెల్లు తిరిగేసరికి అదే అవుతుంది. మేమట్లాగే ఇల్లు కట్టుకున్నాం."

ఆవిడ నాకంటే నాలుగేళ్లు పెద్ద. అప్పటికి మా ఇద్దరికీ పరిచయం కూడా లేదు. అయినా నోటి వెంట నువ్వు అనే వచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆవిడ నా మాట విన్నది. నొప్పికి మాత్రలు మింగుతూ, పనికి బస్సు మానేసి నడిచి వస్తూ, ఇంటికి కూడా చొక్కాలు పట్టుకెళ్లి బొత్తాలు కుట్టి, ప్రతి శనివారం కాస్త డబ్బు తెచ్చి నా చేతికిచ్చేది. ఇంట్లో ఉంటే ఉండదు, మీ దగ్గర పెట్టండమ్మా అనేది. ఒక కవరులో వేసి నా సొరుగులో పెట్టేదాన్ని. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఒక మనిషిని దారిలో పెట్టానని మా ఆయనకి చెప్పుకున్నాను కూడా. ఆయన అడ్డంగా తల ఊపుతున్నారు, మరిచిపోయినట్టున్నారు. (నవ్వులు)

రెండో నెలలో ఆవిడ తమ్ముడు మేడ కట్టేచోట పరంజా మీంచి పడ్డాడు. కవరు మొత్తం పట్టుకెళ్లింది. "మళ్లీ మొదలుపెడతానమ్మా" అంది. మొదలుపెట్టింది కూడా. అయిదో నెల వచ్చేసరికి డబ్బు దాదాపు సరిపోయింది. ఒక సోమవారం పొద్దున్నే చెంప ఉబ్బిపోయి, కన్ను సగం మూసుకుపోయి వచ్చింది. డాక్టరుగారు చూశారు. చీము పక్క పంటి కిందికి కూడా దిగింది. రెండూ తీసెయ్యాల్సిందే అన్నారు. తీసేశారు.

నోట్లో దూది పెట్టుకుని బయటికొచ్చి ఆవిడ నాతో అన్న మాట నేను ఇరవై ఏళ్లుగా మరిచిపోలేదు. "నావల్లే ఆలస్యమైందమ్మా. ఏమీ అనుకోకండి." మా మాట నిలబెట్టలేకపోయానని ఆవిడ మాకు క్షమాపణ చెప్పుకుంది.

(ఒక్క నిమిషం. మంచినీళ్లు ఇస్తారా.)

అదే రోజు మధ్యాహ్నం నాలుగు నగల దుకాణాలున్న ఒక పెద్దమనిషి ఫోను చేశారు. ఆయన పళ్లకి ఏ జబ్బూ లేదు. ఫొటోల్లో తెల్లగా పడాలని ఆరు పళ్లకి తొడుగులు వేయించుకున్నారు. అదంతా అయిపోయి అయిదు నెలలైంది. బిల్లు తర్వాత చూద్దాం అంటే అలాగేనండి అని లేచి నిలబడి మరీ పంపించాను. ఆ తర్వాత రెండుసార్లు గుర్తుచేసి, గుర్తుచేసినందుకు మన్నించమని కూడా అడిగాను. ఆ రోజు కూడా "వచ్చే వారం చూద్దాం" అన్నారు. అలాగేనండి అని పెట్టేశాను. పెట్టేసి సొరుగు తెరిస్తే బొత్తాలావిడ కవరు కనపడింది. అప్పుడు తెలిసింది నాకు. అవే అయిదు నెలలు. ఆయనకి ముందు పని చేసి డబ్బు తర్వాత అడిగాం. ఆవిణ్ణి డబ్బు ముందు తెమ్మని పని తర్వాత చేస్తామన్నాం. ఆయన మాకు అప్పు ఉన్నాడు, పళ్లూ ఉన్నాయి. ఆవిడ ఎవరికీ అప్పు లేదు.

ఆ రాత్రి మా ఇంటి సంగతి కూడా ఆలోచించుకున్నాను. నా పొదుపుతో ఇల్లు కట్టుకున్నానని అందరికీ చెప్పుకునేదాన్ని. నిజానికి ఆ పదేళ్లలో మా ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యలేదు, ఎవరూ ఎక్కడి నుంచీ పడలేదు, రెండు జీతాలూ ఒక్క నెలైనా ఆగలేదు. అందులో నా తెలివి ఎంత? అలాంటిది, ఆవిడ ముందు కూర్చుని నేను పొదుపు పాఠం చెప్పాను.

మర్నాడు డాక్టరుగారి గదిలోకి వెళ్లి అడిగాను. డబ్బున్నవాళ్లకి ఆగుతున్నాం కదండీ, లేనివాళ్లకి కూడా ఆగుదాం అన్నాను.

"ఇది సత్రం కాదమ్మా" అన్నారాయన. "ఈ కుర్చీకి నేనింకా వాయిదాలు కడుతున్నాను."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ కాగితాలు నేనే తీసి భద్రపరిచేదాన్ని.

"అందరికీ వద్దండీ. నెలకి ఒక్కరికి. ఇవ్వకపోతే నా జీతంలో పట్టుకోండి."

"సరే, ఒక్కరికి. ఎవరన్నది నువ్వే ఎంచు, నన్నడక్కు" అన్నారు.

మొదటి నెల బొత్తాలావిణ్ణే పిలిచాను. రెండు పళ్లు కట్టారు. పద్నాలుగు నెలల్లో పైసాతో సహా ఇచ్చేసింది. కానీ ముందు గదిలో ఆవిడ చోటికి అప్పటికే వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఆవిణ్ణి జీతం తగ్గించి వెనక గదిలో కూర్చోబెట్టారు. పళ్లొచ్చినా ఆ జీతం మళ్లీ పెరగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటై, కొత్త పళ్లతో కూడా అలాగే నవ్వేది.

డాక్టరుగారు నా జీతంలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అది నలుగురి ముందూ చెప్పాలి. ఎగ్గొట్టినవాళ్లు లేరని కాదు, ఉన్నారు, వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆయన ఒక్కనాడూ అడగలేదు. కానీ డాక్టరుగారూ, ఎంచే పని నాకిచ్చారు చూశారూ, నన్ను నలగ్గొట్టింది అది.

నెలకి పాతికమంది వచ్చేవాళ్లు, అందులో ఒక్కరు. వాచ్‌మన్ పై పన్నా, పాలిచ్చే తల్లి దవడ పన్నా? మొదట్లో ఏడ్చినవాళ్లకి ఇచ్చాను. తర్వాత ఏడవనివాళ్లని చూసి, అయ్యో వీళ్లకి అడగడం కూడా చేతకాదే అనిపించి వాళ్లకి ఇచ్చాను. ఎలా చేసినా మిగిలినవాళ్ల మొహాలు నాతోపాటు ఇంటికొచ్చేవి. కొన్నాళ్లకి ఊళ్లో సంగతి పాకింది. ఒకసారి కిటికీలోంచి చూస్తున్నాను, ఒకమ్మాయి మన మెట్ల మీద నిలబడి చెవులకున్న చిన్న పోగులు తీసి కొంగున ముడేసుకుంటోంది. నాకు కనపడకూడదని. నేను గొప్పదాన్నని కాదు, నా ముందు తక్కువగా కనపడితే పళ్లు నిలుస్తాయని. నేనెవరిని, ఇంకొకరి లేమిని చూసి మార్కులు వెయ్యడానికి? లేకపోవడం ఒక కష్టం. లేదని ప్రతి బల్ల దగ్గరా రుజువు చేసుకోవడం ఇంకో కష్టం. ఆ రెండో కష్టం పెట్టింది నేనే.

డాక్టరుగారు తల దించుకున్నారు. వద్దండీ. మీరు ఆనాడు కాదని ఉంటే ఆ ఒక్కరు కూడా లేరు. నా బాధ అది కాదు. ఆ కుర్చీ వాయిదాలు తీరి పదిహేనేళ్లయింది. ఇప్పుడు మూడు కుర్చీలు, పైన మేడ. ఆ ఒక్కరు మాత్రం ఒక్కరుగానే ఉండిపోయారు. మీరు మర్చిపోయారు. నేను అడగలేదు. ఎంచుకుంటూ కూర్చున్నానే గాని, లెక్క పెంచమని అడగాలని నాకు తోచలేదు. అలిసిపోయిన మనిషి చేసే తప్పు అది.

ఇవాళ పొద్దున ఒకాయన వచ్చాడు. మార్కెట్లో మూటలు మోస్తాడు. దవడ పట్టుకుని నిలబడి, "ఈ నెలది అయిపోయిందంటగా అమ్మా?" అన్నాడు. అయిపోయింది. నాలుగో తారీకునే ఇచ్చేశాను. ఆ మాట చెప్పలేక, "రేపు రండి, రేపట్నుంచి కొత్తమ్మాయి ఉంటుంది, ఆవిణ్ణి అడగండి" అన్నాను. ఆఖరి రోజు కూడా నేను తప్పించుకున్నాను. అమ్మాయ్, నీకు కుర్చీతో పాటు ఇది కూడా అంటగట్టాను, తప్పు నాదే. ఆయన రేపు పదింటికి వస్తాడు. నువ్వేం చెప్పాలో నాకు తెలియదు.

(చిన్న డాక్టరుగారు ఏదో అంటున్నారు. గట్టిగా చెప్పండమ్మా, వెనక్కి వినపడలేదు.)

ఆ మూటలాయన్ని రమ్మంటున్నారు. వైద్యం రేపే మొదలుపెడతారట.

చాలా సంతోషం తల్లీ. ఎల్లుండి వచ్చే మనిషి సంగతి నేను అడగను. అది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అడగాల్సినప్పుడల్లా అడగడానికి ఇక నేనుండను, నాకు ఓపిక కూడా లేదు.

ఇంతసేపు కదలకుండా విన్నందుకు, ఇన్నేళ్లు జీతమూ మర్యాదా ఇచ్చినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మా ఆయన అప్పుడే లేచి నిలబడ్డారు. ఇంటికెళ్లి పడుకుంటాను. సెలవు.