లోపలి గడియ

నవ్వుతావేమే? నా ఇంట్లో నా కోడలి గదికి నేను తలుపు తట్టి నిలబడితే నీకంత నవ్వొచ్చిందా? కూర్చో, చెప్తాను. ఈ అలవాటు నాకు పాస్టరమ్మ అంటించింది. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది మహాతల్లి. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే ముందు బెంచీలో కూర్చుని దగ్గేది. ఆ ఒక్క దగ్గుతో ఆమెన్‌కి వచ్చేసేవాడాయన, పాపం. ఆ, ఏం చెప్తున్నాను? తలుపు సంగతి కదూ.

అవతల దేశంలో యుద్ధమొచ్చి జనం కట్టుబట్టలతో మన ఊళ్ళోకి వచ్చిపడ్డ ఏడాది అది. మన చర్చి వెనక సామాన్ల గదులు నాలుగుంటే ఖాళీ చేసి, సున్నం కొట్టి, నాలుగు కుటుంబాలకిచ్చాం. తలుపులు బాగుచేసింది నేనే. అప్పట్లో నా చేతి పనితనం చూడాలి నువ్వు... సర్లే, సొంత డబ్బా ఎందుకు. మూడో గదిలో ఒక దర్జీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, ముసలి అత్తగారు. మొగుడు దారిలోనే పోయాడట. సంఘమంతా కలిసి ఆవిడకో కుట్టుమిషన్ కొనిపెట్టాం. మన వాళ్ళ సంగతి తెలుసుగా, ప్రేమ పుట్టిందంటే పట్టలేం. ఒకరు దుప్పట్లు, ఒకరు గిన్నెలు, ఇంకొకరు ఓ ప్రార్థన చేసిపోదామని, ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళు తలుపు తోసుకుని లోపలికి. పిల్లలు తిన్నారా లేదా అని మూతలు తీసి చూసినవాళ్ళూ ఉన్నారు. ఆవిడ ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి నిలబడేది. తెచ్చుకున్న మూట విప్పలేదు, జానెడు గుడ్డ కుట్టలేదు. ఆ మిషన్ని ఈడ్చుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టుకుంది.

ఇంక మా సంఘం కోశాధికారి చూడూ, ముక్కుతో మాట్లాడేవాడు, "బతకమని మిషనిస్తే మనమేదో దొంగలమైనట్టు తలుపుకి అడ్డం పెడుతుందా? కుట్టుకునేవాళ్ళకి ఇచ్చేద్దాం, గదీ ఖాళీ చేయిద్దాం" అన్నాడు. నేనూ తలూపాను, అబద్ధమెందుకు. పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతుందన్న ఆలోచనే రాలేదు నాకు.

పాస్టరమ్మ చటుక్కున లేచింది. నన్ను వెంటబెట్టుకుని ఆ తలుపు ముందుకి తీసుకెళ్ళి, "నీ ఇంటికి గడియ ఏ పక్కుంటుంది, వడ్రంగి తమ్ముడూ?" అంది. చూద్దును కదా, బయట గొళ్ళెం ఉంది, లోపల ఏమీ లేదు. బియ్యం బస్తాలు లోపల్నుంచి గడియ పెట్టుకోవుగా మరి! మనుషులుంటారని తెలిసి కూడా పాత పద్ధతిలోనే బిగించేశాను, పదిహేనేళ్ళ అనుభవమున్న పనివాణ్ణి. "తలుపులు తోసుకొచ్చిన వాళ్ళ నుంచి పారిపోయి వచ్చిందయ్యా ఆవిడ. మనం దుప్పట్లు పట్టుకుని తోసుకొస్తున్నాం, అంతే తేడా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు నాలుగు గదులకీ లోపల గడియలు బిగించి, బయటి గొళ్ళేలు పీకి పారేశాను.

ఆ ఆదివారం ఆరాధన కాగానే పాస్టరమ్మ లేచి చెప్పేసింది, ఎవరెళ్ళినా తట్టాలి, నిలబడాలి, తీస్తే వెళ్ళాలి, తీయకపోతే ఇంటికి పోవాలి అని. మన చర్చి గదికి మనమే పర్మిషన్ అడగాలా అని గొణిగాడు కోశాధికారి. "ప్రభువే తలుపు తట్టి నిలబడతానన్నాడు కదండీ బైబిల్లో, మీరు ఆయనకన్నా పెద్దవారా?" అంది.

వారం తిరిగేసరికి మిషన్ తలుపు దగ్గర్నుంచి కిటికీ కిందకి జరిగింది. తర్వాత చప్పుడు మొదలైంది, పొద్దస్తమానం టకటకా టకటకా. మీ నాన్న బడి చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. కాలరు కుట్టిందంటే చొక్కా చిరగాలే గానీ కాలరు చిరగదు.

మూడు నెలలకనుకుంటా, చందాలిచ్చిన పెద్దలు కొందరు మనం చేసే సేవ చూద్దామని వచ్చారు. కోశాధికారి ఇస్త్రీ కోటేసుకుని ముందు నడుస్తున్నాడు. మూడో గది దగ్గర పాస్టరమ్మ తట్టింది. లోపల మిషన్ ఆగింది. అందరం నిలబడ్డాం. గడియ మాత్రం తీయలేదు. "పనిలో ఉన్నానమ్మా, ఇప్పుడు వీలుకాదు. సాయంత్రం రండి" అని గొంతొక్కటి వచ్చింది. మళ్ళీ టకటక. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోశాధికారిది ఆముదం తాగిన మొహం. ఇంక గదీ లేదు మిషనూ లేదు ఈవిడకి, అయిపోయిందనుకున్నాను.

పాస్టరమ్మ ఇటు తిరిగింది. తన కూతురికి ప్రసవమైన రోజున కూడా అంత సంతోషం లేదే ఆవిడ మొహంలో, ఒట్టు. "విన్నారా? మనల్ని వెళ్ళి రమ్మంది" అంది. "ఇన్నాళ్ళకి ఆవిడకి ఇల్లు దొరికిందండీ."

అనేసి, ఆ పెద్దలందర్నీ వెంటేసుకుని, నవ్వుకుంటూ వెనక్కి నడిచింది...

ఊఁ. ఎండ తగ్గినట్టుంది, ఆ చెప్పులిలా అందుకో, అలా వీధి చివరిదాకా వెళ్ళొద్దాం.