ఇంట్లో ఎవరూ లేరట బావా

తలుపలా బాదకు బావా, గడియ నీ వైపే ఉంది. రావాలనుంటే వచ్చెయ్. ఒంటినిండా సబ్బుతో, కళ్లు మూసుకుని, ఆ చీకట్లో తువ్వాలు ఎక్కడుందో తడుముకుని మరీ రా. నేనేం ఆపట్లేదు.

నీళ్లు చల్లగా ఉన్నాయా? హీటర్ ఆగిపోయింది మరి. లైటూ అంతే.

నేను ముట్టుకోలేదు, ఒట్టు. అక్క ఇప్పుడే ఆఫీసుకి బయల్దేరింది. వీధి మలుపు తిరిగిందో లేదో, ఇంట్లో ఎవరూ లేరనుకుని నీ ఇల్లే అన్నీ ఆపేసింది. నువ్వు నేర్పిన బుద్ధే కదా అది. ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ బయటికి వెళ్తే అన్నీ వాటంతటవే ఆగిపోవాలని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడివి.

నువ్వు ఉన్నావు కదా అంటావా? నేనూ ఉన్నాను బావా, ఆ రోజు.

ముందు గదిలో కూర్చుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంప్యూటర్లో ముగ్గురు పెద్దమనుషులకి జవాబులు చెప్తున్నాను. మూడో రౌండు. ఏడాదిగా మీ ఇంట్లో ఉండి, ఎక్కని మెట్టు లేకుండా తిరిగితే వచ్చిన ఇంటర్వ్యూ. నువ్వూ అక్కా అలా బయటికెళ్లారు, ఇలా నెట్ పోయింది. ఫ్యాన్ పోయింది. ఆ ముగ్గురూ పోయారు.

పోనీ, పొరపాటే అనుకుందాం. సాయంత్రం అక్కతో ఏమన్నావు? "నెట్ బాగానే ఉంది, తనే భయపడి కట్ చేసుకునుంటుంది" అన్నావు. అక్క నా వైపు జాలిగా చూసింది చూడు, ఆ చూపు ఇంకా అరగలేదు నాకు.

మర్నాడు ఫోన్‌తో నడిచే పాత ప్లగ్గొకటి నా చేతిలో పెట్టి, "ఖాళీగానే ఉన్నావుగా, నువ్వూ నేర్చుకో, మంచి కాలక్షేపం" అన్నావు. నేర్చుకున్నాను.

మొదటిరోజు ఆ ప్లగ్గూ నా ఫోనూ అలిగిన వియ్యంకుల్లా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. రెండోరోజు నా టేబుల్ లైటు వెలిగించబోతే నీ గదిలో ఫ్యాన్ తిరిగింది. నాలుగోరోజుకి దారిలో పడ్డాను. అప్పుడు కనబడింది, ఇల్లు నడిపే యాప్‌లో నీ జాబితా. ఇంటి సభ్యులు: ఇద్దరు. కింద, నేల తుడిచే మిషన్‌కి బుజ్జమ్మ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నావు. ఏడాదిగా నీ కాఫీ గ్లాసులు కడుగుతున్న మరదలు మాత్రం ఎక్కడా లేదు.

అందుకే నిన్న టీవీ ముందు నువ్వు కునుకు తీస్తుంటే, నీ ఫోన్‌కి నీ వేలే ఆనించి, జాబితాలోంచి నిన్ను తీసేశాను. అక్కని వదిలేశాను. బుజ్జమ్మనీ ముట్టుకోలేదు, దాని తప్పేముంది?

ఏంటీ? వినపడలేదు. పళ్లు టకటకలాడకుండా చెప్పు.

నాకు కాదు, అక్కకి చెప్పాలి. "ఇంటర్వ్యూ చెడగొట్టింది నా ఇల్లే, మరదలు భయపడలేదు, నేనే అబద్ధమాడాను" అని. ఆ మాట ఇస్తే లైటు వస్తుంది.

సాయంత్రమే చెప్తావా? సరే, వేస్తున్నా. కళ్లు కడుక్కో.

... అదేంటి, ఇంకా క్షమించమంటావేంటి? ఒకసారి చాలు. నవ్వుతావనుకున్నాను బావా. తిడతావనైనా అనుకున్నాను. గొంతు అలా పెట్టకు.

సరే, ఒకటి చెప్తా విను. ఆ రోజు నెట్ పోయేముందు, మధ్యలో కూర్చున్నాయన ఒక ప్రశ్న అడిగాడు. నాకు ఒక్క ముక్క తట్టలేదు. వాళ్లు ముగ్గురూ చూస్తున్నారు, నేను గోడ చూస్తున్నాను. నా వేలు కట్ చేసే బటన్ మీదే ఉంది. నీ ఇల్లు ఇంకో రెండు సెకన్లు ఆగుంటే, నువ్వు అక్కకి చెప్పింది నిజమైపోయేది.

సాయంత్రం అక్కకి మాత్రం నీ మాటే చెప్పు. ఇప్పుడు నేను చెప్పింది, నీళ్ల చప్పుడులో నీకు వినపడలేదు.