వీరూకి అంటుకున్నది

దీవిలోని బ్రూక్షాబాద్ పేటలో ప్రేమావతి తన ఇంటి ముందుగదిలో ఎనిమిది మంది పిల్లల్ని పగలంతా కనిపెట్టుకుని ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్ళు చాప మీద నిద్రపోతుంటే, వాళ్ళలో ఒకడైన వీరేంద్ర నానమ్మ బుల్లమ్మ చేపల బజారు నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అది కాదు పేమా, ముందు నాను సెప్పింది ఇను. మా వీరూకి ఆ కొత్త పిల్ల దగ్గర్నుంచి అంటుకుంది."

"ఏం అంటుకుంది పిన్నీ? జ్వరమా?"

"మూగతనం."

"మూగతనమా?"

"నవ్వకు. బుట్ట దించి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వొచ్చినాను. మనవడు నాతో మాటాడి మూడు వారాలయింది. నీళ్ళు కావాలంటే బొటనేలు నోటికాడ పెడతాడు. అన్నమంటే ఐదేళ్ళూ పెడతాడు. నిన్న చారు పోస్తంటే అరచెయ్యి బోర్లా పెట్టి ఊపినాడు. ఏట్రా అంటే మళ్ళీ ఊపినాడు."

"చాలు అని. మా టీనా నేర్పింది."

"టీ వొద్దు. ఇప్పుడే తాగొచ్చినాను."

"టీ కాదు పిన్నీ, టీనా. ఆ పిల్ల పేరు."

"ఆఁ, అదే. ఈ ఫేను మోతలో ఇనబడి సావనేదు. కాస్త ఆపీ దాన్ని."

"పొద్దుట్నుంచి కరెంటు లేదు పిన్నీ. ఫేను తిరగట్లేదు."

"సర్లే, మాట మార్చకు. నాకు ఎవురి మీదా కోపం నేదు. నీ ఇంట్లో బెంగాలీ గుంటడున్నాడు, తమిళం పిల్లలిద్దరున్నారు, రాంచీవోళ్ళ పాపుంది. అందరూ ఒకే చాప మీద కూకుని తింతారు. నానేమైనా అన్నానా?"

"మొదట్లో అన్నారు."

"ఎప్పుడో ఒక్కసారి."

"వీరూకి వేరే కంచం పంపించారు."

"స్టీలు కంచం, బాగుంటదని పంపినాను."

"మగపిల్లాడి చేత బొమ్మని జోకొట్టిస్తున్నానని కూడా వచ్చారు."

"వొచ్చినాను, ఊరుకున్నాను కదా. ఇప్పుడు ఇంట్లో సెల్లిని ఆడే జోకొడతన్నాడు. మా కోడలికి హాయి. ఇది అలాంటిది కాదు. ఇది రోగం."

"రోగం కాదు పిన్నీ. పిల్లలందరూ టీనాతో ఆడుకోడానికి చేతులు తిప్పడం నేర్చుకున్నారు, అంతే. డోంగీ పడవ మీద ఇంజను మోతలో మీ అబ్బాయి చేతులే కదా ఊపేది? వల లాగు, ఆపు అని? అదేమైనా రోగమా?"

"సముద్రం మీద సంగతి వేరు. ఇదిగో పేమా, సూటిగా సెప్తాను. ఆ పిల్లని వేరే గదిలో కూకోబెట్టు."

"నాకున్నది ఈ గదొక్కటే."

"అయితే మానిపించు. నేదంటే ఈడిని నాను తీసుకుపోతాను. మంజు కూడా కూతుర్ని మానిపిస్తానంది. శ్రీలక్ష్మి కూడా. మంజు గేటుకాడే నిలబడింది, నువ్వేటంటావో తెలుసుకుందామని."

"ముగ్గురు పోతే నేను తలుపు మూసుకోవడమే."

"నాకేమైనా సరదానా?"

"మూసుకోమంటే మూసుకుంటాను పిన్నీ. టీనాని మాత్రం పొమ్మనను. వాళ్ళమ్మ ఆస్టినాబాద్ నుంచి రోజూ ఎత్తుకుని తెస్తోంది. అంతకుముందు మూడు చోట్ల అడిగిందంట. మాట రాని పిల్లని ఎలా చూస్తాం అన్నారంట. ఇక్కడికొచ్చిన మొదటి వారం పూరా గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. మొట్టమొదట వెళ్ళి పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? మీ వీరూ."

"ఈడా? అరే, ఈడికెందుకంట?"

"ఎందుకో నాకూ తెలీదు. ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి మెల్లిగా మాట్లాడాడు. అలా మాట్లాడాలని నేను చెప్పలేదు. వాడికి ముందే అలవాటున్నట్టు చేశాడు."

"ఆ పిల్లకి గొంతులో ఏటైనా లోపమా?"

"గొంతు బాగానే ఉంది. చెవులు వినబడవు. మాట వినలేదు కాబట్టి మాట రాలేదు."

"సెవులా? నాకెవురూ సెప్పనేదు. పూరా ఇనబడదా?"

"పూరా."

"ఓ పక్కయినా?"

"ఏ పక్కా వినబడదు."

"మరి నలుగురిలో ఎలా నెట్టుకొస్తది?"

"చూస్తూ ఉంటుంది పిన్నీ. మనుషుల పెదాలు చూస్తుంది. అర్థం కాకపోయినా తల ఊపుతుంది. అందరూ నవ్వితే తనూ నవ్వుతుంది."

"అంతే. అలాగే చేస్తారు."

"ఎవరు?"

"ఎవురూ కాదు. నువ్వు సెప్పు."

"మీరే చెప్పండి. వీరూ ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడా?"

"మాటాడతాడు."

"నాన్నతో?"

"ఆడితో కూడా. మా కుక్కతో అయితే నోరు మూయడు."

"మరి చేతులు తిప్పేది?"

"నాతోనే."

"మీ ఒక్కరితోనేనా? అంటుకున్న రోగమైతే అందరి దగ్గరా ఉండాలి కదా పిన్నీ."

"ఏటంటన్నావు?"

"వాణ్ణే అడుగుదామంటున్నాను. వీరూ, దొంగ నిద్ర చాలు. ఇలా రా నాన్నా."

"ఏంటి దీదీ?"

"నానమ్మతో నోటితో ఎందుకు మాట్లాడట్లేదు?"

"నానమ్మకి నా గొంతు ఇనబడదు కదా దీదీ. గట్టిగా అరిస్తే ఇనబడుద్ది. కానీ అప్పుడు అమ్మకీ, పక్కింటోళ్ళకీ తెలిసిపోద్ది. నానమ్మకి అది ఇష్టం లేదు. టీనాకి చెప్పినట్టు చెప్తే చప్పుడుండదు."

"ఏటంటన్నాడు? ఆ గొణుగుడేటి? పేమా, ఏటన్నాడు?"

"పిన్నీ..."

"నువ్వూ నోరు మూసుకున్నావేటి? సెప్పు."

"గట్టిగా చెప్పే మాట కాదు. మంజు గేటు దగ్గరే ఉందన్నారు కదా. దగ్గరికి రండి, చెవిలో చెప్తాను."

"ఇటు కాదు. ఇటేపు రా. ఆ సెవి బంద్."

"నానమ్మకి వినబడదు, అరిస్తే నలుగురికీ తెలుస్తుంది, అందుకని చేతుల్తో చెప్తున్నాను అంటున్నాడు పిన్నీ."

"అలాగన్నాడా?"

"అలాగే అన్నాడు."

"ఐదేళ్ళు నిండనేదు ఈడికి."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా మీరు?"

"సెప్తే బజారు మానిపించేస్తాడు మా కొడుకు. ఇంట్లో కూకుని ఏటి సెయ్యను? బేరంకాడ ఏళ్ళు సూపిత్తే సరిపోద్ది. ఇన్నాళ్ళూ సరిపోయింది."

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం. నేను తోడొస్తాను. ఎవరికీ చెప్పను."

"సూద్దాం. ముందు మంజుతో నాను మాటాడతాను. శ్రీలక్ష్మికీ సెప్పుకుంటాను. ఆ పిల్ల ఎక్కడికీ ఎల్లక్కర్నేదు. ఒకే చాప ఉండనీ."

"మరి వీరూని ఇప్పుడు తీసుకెళ్తారా?"

"పడుకోనీ. సాయంత్రం వాళ్ళమ్మ వొస్తది."

"పిన్నీ, అలా మొహానికి కొంగు అడ్డం పెట్టుకోకండి. వాడు భయపడతాడు. వినబడకపోవడం తప్పేం కాదు, మీకు తెలీదా?"

"ఇనబడట్లేదని నాకు రెండేళ్ళ కిందటే తెలుసు పేమా. ఆడికి తెలుసని ఇప్పుడే తెలిసింది."