నలభై మూడో అడ్డు వరుస

1991 జూలై 8వ తేదీ సోమవారం ఉదయం, నగర నీటి సరఫరా కార్యాలయంలో గణకురాలిగా చేరిననాడు మా మేడమ్‌గారి చేతిలో ఉన్నవి ఒక పెన్సిలు, ఒక రబ్బరు, గణితశాస్త్రంలో ఒక పట్టా మాత్రమే. ముప్పై మూడేళ్ల అవిరళ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారిని అభినందించే భాగ్యం, వారి శిష్యురాలైన ఈ వ్యాసకర్తకు దక్కింది. భాగ్యమని మర్యాద కొద్దీ రాయడమే గాని, నిజానికి చెయ్యి ఆడడం లేదు.

ఉన్న ట్యాంకర్లతో, ఉన్న గంటల్లో, నలభై వీధులకు అత్యధికంగా నీరు చేర్చడమెలా అన్నది లీనియర్ ప్రోగ్రామింగ్ సమస్య. ఏ వీధికీ అవసరానికి మించి పోకుండా నలభై అడ్డు వరుసలు, ట్యాంకర్లకొకటి, గంటలకొకటి, వెరసి నలభై రెండు వరుసల అంకెల పట్టికను, అంటే మాత్రికను, వారు చేత్తో సాధించేవారు. మూడు రోజులు పట్టేది. ఎక్కడో ఒక గుర్తు తప్పితే కథ మళ్లీ మొదటికే. "మా ఆవిడ కూరగాయలు కూడా అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లోనే తరుగుతుందండీ" అని వారి శ్రీవారు మమ్మల్ని నవ్విస్తుండేవారు.

1998లో కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చింది. అంకెలన్నీ మేడమ్‌గారే ఎక్కించారు. మీట నొక్కితే టీ చల్లారేలోగా జవాబు! ఆ వేసవిలో నగరానికి మునుపెన్నడూ లేనంత నీరు చేరిందని పైఅధికారుల ప్రశంసాపత్రం కూడా అందింది. ప్రోగ్రామ్ మొదలైన పదకొండో రోజున ఒక పెద్దావిడ రెండు ఖాళీ క్యాన్లతో వచ్చి వారి బల్ల ముందు నిలబడింది.

"అమ్మా, మాది మెట్ల వీధి. ట్యాంకర్ రాక పదకొండు రోజులైంది. మా కోడలు ప్రసవించి తొమ్మిది రోజులు. పసిబిడ్డకి నీళ్లు పొయ్యలేదు తల్లీ, తడిగుడ్డతో తుడుస్తున్నాం."

మేడమ్‌గారు కాగితం తీసి చూశారు. మెట్ల వీధికి ఎదురుగా సున్నా. తప్పేమీ జరగలేదు. ఆ ఎత్తుకు ఒక ట్యాంకర్ వెళ్లివచ్చే సమయంలో కింది వీధులకు మూడు తిరిగొస్తాయి కనుక, చేత్తో చేసే రోజుల్లో తామే సర్దే ఆ వీధిని ప్రోగ్రామ్ నిక్కచ్చిగా లెక్క కట్టి వదిలేసింది. "లెక్క రైటే, నాకే బుద్ధి లేదు" అంటూ మేడమ్‌గారు ఆ పూటే ట్యాంకర్ ఎక్కి స్వయంగా వెళ్లారు. తిరిగొచ్చి మాత్రికకు నలభై మూడో అడ్డు వరుస చేర్చారు: మెట్ల వీధికి రోజుకు కనీసం రెండు ట్యాంకర్లు.

తరువాత పదోన్నతులు వచ్చాయి, గదులు మారాయి, మా వంటి పదకొండుమందికి వారు పని నేర్పారు. ప్రతి సోమవారం ముందుగా ఆ వరుస ఉందో లేదో చూసుకున్నాకే కుర్చీలో కూర్చునేవారు.

ఈ ఏడాది కొత్త ప్రోగ్రామ్ కొన్నారు. ఆ ఒక్క వరుస వల్ల మొత్తం నీటి లెక్క తగ్గి, మన కార్యాలయం ర్యాంకు పడిపోతోందట. వరుసను ఉంచమని మేడమ్‌గారు మూడు లేఖలు రాశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. గత గురువారం పాత అంకెలను కొత్త ప్రోగ్రామ్‌లోకి మారుస్తుండగా, అదనపు నిబంధనలు తొలగించాలా అని తెర అడిగింది. మా పైఅధికారిగారు నా వెనకే నిలబడి, "నొక్కమ్మా, ఇంకా ఏంటి ఆలోచిస్తున్నావ్?" అన్నారు. నొక్కింది ఈ వ్యాసకర్తే. కొత్త వరుస చేర్చే అధికారం ఇప్పుడు మాలో ఎవరికీ లేదు. వేడుకున్నాను, ఏడ్చాను, ఫలితం లేకపోయింది.

మర్నాడు మేడమ్‌గారు తమ సొరుగు సర్దుకుంటూ అడిగారు.

"నలభై మూడోది ఉందిగా?"

"ఉంది మేడమ్."

"అమ్మయ్య! ఇక నాకు ఏ బెంగా లేదమ్మా" అని నా తల నిమిరారు.

మన కార్యాలయ పత్రిక ఈ సంచిక వారి చేతికి అందేనాటికి ట్యాంకర్లు మెట్ల వీధి మొహం చూసి పది రోజులవుతుంది. వీడ్కోలు సభలో గడియారం బహూకరిస్తాం, చప్పట్లు కొడతాం. వారి ముఖం చూసి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. మేడమ్, లేదు. ఆ వరుస లేదు. నేనే తీసేశాను. మీరు ఆయురారోగ్యాలతో, మీవారి నవ్వుల నడుమ, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. నన్ను క్షమించకపోయినా సరే, ఉండాలి.