వెనక కొస

సముద్రపు ఒడ్డున నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్లే ప్యాడిల్‌బోర్డులు అమ్మే దుకాణంలో ఆ మధ్యాహ్నం యజమాని, ఒక నడివయసు గృహిణి తప్ప ఎవరూ లేరు.

"చిన్న అలలకైతే ఇది తీసుకోండమ్మా. పొట్టిది, వెడల్పుది. నిలబడితే ఊగదు, అల మీద చప్పున తిరుగుతుంది."

"పొట్టిగా, వెడల్పుగా... నన్ను చూసే చేశారా బాబూ?"

"అయ్యో, అలా కాదమ్మా! మీ బరువెంత?"

"ఎనభై రెండు."

"మీరా? అంత ఉండరే!"

"అది మా ఆయన బరువు. బోర్డు అనగానే ఆయన కొలతలే నోటికొస్తాయి. నాది అరవై."

"సార్‌ని కూడా తీసుకురావాల్సింది."

"పోయి ఏడాదైంది. అప్పట్నించి నేను నీళ్లలో దిగలేదు."

"అయ్యో... మరి ఆయన బోర్డు?"

"లక్షణంగా ఉంది. పదకొండడుగులు. ముందు కొస ఆయన, వెనక కొస నేను పట్టుకుని నీళ్లదాకా మోసేవాళ్లం. దారి పొడవునా ఆయన వీపుతోనే నా కబుర్లు. ఇప్పుడు వెనక కొస ఎత్తితే ముందు కొస ఇసుకలోనే ఉంటోంది."

"దీన్ని ఒక్కరే మోయొచ్చమ్మా. ఎత్తి చూడండి."

ఆమె వంగి, బోర్డు వెనక కొస పట్టుకుని లేపింది. ముందు కొస వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"మధ్యలో పిడి ఉందమ్మా. అక్కడ పట్టుకుని చంకలో పెట్టుకోవాలి."

"తెలుసు బాబూ. ఒక్క నిమిషం."