ప్యారిస్ ముద్ర మీది పడవ

"అమ్మమ్మా, ప్యారిస్ ముచ్చట మళ్ళ చెప్పవా? ఫోన్‌ల రికార్డు చేస్తున్న."

చెప్తగని, ఆ ఫోను దగ్గర పెట్టు, నేను అరవలేను. ఏంది, ప్యారిస్ ఎట్ల పుట్టిందనా? పడవలోళ్ళ తోని పుట్టింది, గంతే. నవ్వు నవ్వు. నేను పోయి చూసిన్నా, పంతులు చెప్పిండు.

మా నాయన గోదావరి మీద పడవ నడిపేటోడు గద, బూర్గంపాడు దిక్కు నుంచి భద్రాచలం దిక్కుకు. మనిషికి అణా, మేకకు అర్ధణా... కాదు కాదు, మేకకే ఎక్కువ, అది కుదురుగ కూసోదు. మా ఊరి పంతులు దగ్గర మాత్రం కిరాయి తీసుకోకపోయేది. బదులుగ ఆయన ఒడ్డు చేరేదాక ముచ్చట చెప్పాలె. ఇంట్ల పెండ్లాం ముందట నోరు లేవకపోయేది పాపం, పడవ ఎక్కితే ఆగకపోయేది.

గప్పుడే భద్రాచలం కాడ వంతెన కడుతుండ్రు. ఒక్కో స్తంభం లేస్తుంటే మా నాయనకు ముద్ద దిగలే. "ఇగ నన్నెవడు పిలుస్తడు పంతులూ" అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. గా దినం చెప్పిండు పంతులు ప్యారిస్ సంగతి.

అది ఏటి నడుమ లంకనట. చేపలు పట్టేటోళ్ళు, సరుకు దాటించేటోళ్ళు ఉండేటోళ్ళట. రోము దండు వస్తుందంటే, చిక్కొద్దని ఊరినీ వంతెనలనూ వాళ్ళే తగలబెట్టుకున్నరట. మా నాయన మొఖం వెలిగింది. "మనమూ పెడదామా అగ్గి?" అన్నడు. "ఇది సిమెంటుదిరా, కాలదు" అన్నడు పంతులు. రోమోళ్ళు గెలిచి ఒడ్డు మీద పెద్ద ఊరు కట్టిండ్రట, తానాలకే ఓ మేడ. పక్కన ఏరు పెట్టుకొని ఒళ్ళు తోముకునేతందుకు మేడ ఏందే! తర్వాత ఎన్నటికో దోపిడోళ్ళు వస్తే, గా రాళ్ళే పీక్కొచ్చి లంక చుట్టూ గోడ పెట్టుకున్నరట. ఇంకా పోంగ పోంగ పడవల యాపారులే ఊరి పెద్దలైండ్రు. వాళ్ళ ముద్ర మీది పడవే ఊరి ముద్రయ్యింది. వంతెనలెన్ని లేచినా ఆ పడవను తీయలేదట.

గీ మాట మా నాయన తలకెక్కింది. తెల్లారి ప్రెసిడెంటు ముందల నిలబడ్డడు. పంచాయతి ముద్ర మీద నా పడవ బొమ్మ ఎయ్యి, ప్యారిస్‌ల ఏసిండ్రు అని. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఆ దినం నుంచి మా నాయన పేరే ప్యారిస్ అయ్యింది. నన్ను ప్యారిస్ బిడ్డ అనేటోళ్ళు, నాకు ఒళ్ళు మండేది.

వంతెన అయ్యింది. పడవ మా వాకిట్ల బోర్లా పడ్డది, దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టినయి. నాయన దాని దిక్కు చూడకుండనే తిరిగేటోడు.

ఓ ఏడు గోదారి పొంగి ఊర్లకొచ్చింది. ప్రెసిడెంటు పంచాయతి డాబా మీదెక్కి, "ఓ ప్యారిస్! జల్దీ రావయ్యా!" అని ఒకటే మొత్తుకునుడు. నాయన కోళ్ళను తోలి పడవేసుకొని పోయిండు. నేనూ ఎక్కిన, ఏమంటడో ఇనాలె గద మరి. పోయి, డాబాకు ఇంత ఎడంగ ఆపిండు.

"ముద్ర ఏది?"

"జేబుల ఉన్నదయ్యా."

"దాని మీద ఏమున్నది?"

"ఊరి పేరు."

"ఊరు యాడున్నది?"

"నీళ్ళల్ల ఉన్నది."

"మరి నీళ్ళ మీద ఏమున్నది?"

ప్రెసిడెంటు డాబా అంచుకొచ్చిండు. "నీ పడవ" అన్నడు.

"గది చాలు. ఎక్కు."

ముద్ర మారిందా అంటవా? మారలేదు బిడ్డా. నాయన మళ్ళ అడగనూ లేదు. నీళ్ళు తీసినంక పడవను బోర్లెయ్యనియ్యలే, రోజూ కడిగి ఎండకు పెట్టేటోడు... నువ్వు సల్లగుండాలె. నిన్ను చూసి నవ్వినోళ్ళే అక్కరకు నిన్ను పేరు పెట్టి పిలవాలె... రికార్డు ఆపినవా? ఇంకా ఎర్రగనే వెలుగుతుందేందే అది...