సగానికి కాస్త తక్కువ

అర్స్లాన్‌బాబ్ ఊరి పైన అక్రోటు అడవిలో కాయ దులిపే రోజులు. ఊళ్లో అందరికన్నా పై కొమ్మలెక్కే ఎర్గాష్ నడుం నొప్పంటూ రెండు రోజులు పడుకున్న గుడారం వదిలి, ఎక్కే తాడు భుజాన వేసుకుని వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. పక్కనే భార్య హోసియత్.

“వచ్చారా దొరగారూ? నడుం నొప్పి సెలవిచ్చిందా?”

“ఇచ్చింది గానీ, చెట్టెక్కడానికి కాదు.”

“అవును మరి. వసంతంలో ఎండుకొమ్మలు నరకమంటే, చిగురు లేతగా ఉంది రాలిపోతుందన్నారు. ఎండాకాలంలో ఆకు దట్టం, కొమ్మ కనబడదన్నారు. ఇప్పుడేమిటట?”

“ఆకు రాలాలి. సగం రాలనీ, ఎక్కుతా.”

“ఎంత రాలింది ఇప్పటికి?”

“చూస్తున్నావుగా.”

“నేను చూస్తున్నాను. మిమ్మల్నడుగుతున్నా.”

“సగం... సగానికి కాస్త తక్కువ.”

“రంగో?”

“పసుపు. ఈ నెలలో ఇంకే రంగుంటుంది?”

“అబ్బ, ఏం చూపండీ! మొన్నటి మంచుకి ఒక్క ఆకు మిగల్లేదు ఈ చెట్టుకి. పైన కాయలే ఉన్నాయి.”

ఎర్గాష్ ఎత్తిన తల దించలేదు. అతనికి పైన బూడిదరంగు వెలుగు తప్ప ఏమీ కనబడటం లేదు.

“ఎప్పట్నుంచి తెలుసు?”

“అడవి ఆపిల్ పూత రాలి వాకిలి తెల్లబడితే, మంచు పడిందని పార పట్టుకెళ్లారే, ఆ రోజు నుంచి.”

“తెలిసీ, ఎక్కు ఎక్కు అని పొడిచావా?”

“పొడిస్తేనైనా నోరు విప్పుతారేమోనని. మీరేమో ఏ రుతువుకా సాకు సిద్ధం చేసుకున్నారు.”

“చెబితే? ఎర్గాష్ గుడ్డివాడయ్యాడని రేపటికల్లా టీ కొట్టులో...”

“ఇప్పటికే అందరికీ తెలుసు. మొన్న మీరు సలాం చెప్పింది పక్కింటి తోహిర్ గారికి కాదు, ఆయన గాడిదకి.”

“బదులు చెప్పలేదేమా అనుకున్నా.”

“అది మర్యాద తెలిసిన గాడిద. నవ్వలేదు.”

“హోసియత్... నాకు కొమ్మ కనబడదు. ఇక ఎక్కలేను.”

“హమ్మయ్య. ఆరు నెలలు పట్టింది ఆ ఒక్క మాటకి.”

“మరి ఈ ఏటి కాయ?”

“ఆ తాడు ఇటివ్వండి. వారం నుంచీ చిన్న చెట్ల మీద నేర్చుకుంటున్నా. నిజం నడుం నొప్పి ఇప్పుడు నాకుంది. మీరు కింద నిలబడి ఏ కొమ్మ మోస్తుందో, ఏది విరుగుతుందో చెప్పండి. ముప్పై ఏళ్లు ఎక్కిన చెట్టు గురించి చెప్పడానికి కళ్లెందుకు?”